గుండె పరీక్షకు బీమా డబ్బు వస్తుందా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇంట్లో మగవారికి ఛాతీలో కాస్త పట్టేసినట్టుందంటే చాలు, అర్ధరాత్రయినా ఆటో పిలుస్తాం. అదే మనకొస్తే "ఆఁ, గ్యాసులే" అనుకుని జీలకర్ర నీళ్ళు కాచుకు తాగి పడుకుంటాం. పొద్దున్నే లేచి మళ్ళీ పాలు కాచాలి కదా! పరీక్ష చేయించుకోమని ఎవరైనా అంటే "ఎందుకండీ దండగ ఖర్చు" అంటాం. ఈ మధ్య దానికి ఇంకో మాట కూడా తోడైంది. "ఇన్సూరెన్సు ఉందిగా, అందులో వస్తే చేయించుకుందాం" అని. వస్తుందా రాదా, వస్తే ఎప్పుడొస్తుంది, ఏ కాగితం ఉంటే వస్తుంది అన్నది మనలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు, మా వదిన విషయంలో నా తల బొప్పి కట్టేదాకా. ఆ సంగతే ఇవాళ మీతో చెబుదామనుకుంటున్నాను.

మా పుట్టినిల్లు సంజామల. కోవెలకుంట్ల, బనగానపల్లె పక్కన అంటే కొందరికి తెలుస్తుంది. మొన్న మొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు చేసినప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చింది. మా అన్నయ్య, వదిన అక్కడే ఉంటారు. నల్లరేగడి పొలం, శనగ పంట. వదినకు యాభై ఆరేళ్ళు. ఒళ్ళు దాచుకోవడం తెలియని మనిషి.

శనగ కోతల రోజుల్లో ఆమెకు ఒక చిత్రమైన బాధ మొదలైంది. మిద్దె మీదికెక్కి వడియాలు ఎండబెట్టి దిగేసరికి ఆయాసం, దాంతోపాటు ఎడమ దవడలో లాగినట్టు నొప్పి. కాసేపు కూర్చుంటే పోతుంది. పన్నునొప్పి అనుకుని లవంగం పెట్టుకుంది. పది రోజులు లవంగాలతో గడిచాయి. చివరికి మా అన్నయ్య పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నోరంతా చూసి, "పళ్ళు బాగానే ఉన్నాయి తల్లీ. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే పోయే నొప్పి పన్నుది కాదు. ఈ.సి.జి. తీయించుకోండి" అన్నాడట. ఆ డాక్టరుకు మేమంతా రుణపడి ఉన్నాం.

ఆడవాళ్ళ గుండెజబ్బు ఇలా వేషం మార్చుకుని రావడం కద్దు. సినిమాల్లో చూపించినట్టు ఛాతీ పట్టుకుని కూలిపోవడమే అవ్వాలని లేదు. ఆయాసం, వీపులో నొప్పి, దవడ లాగడం, వికారం, ఎప్పుడూ లేనంత నీరసం, ఇవన్నీ దాని గుర్తులు కావచ్చు. ఇంకొక్క మాట ముందే చెప్పేస్తాను. నొప్పి తగ్గకుండా ఉండి, చెమటలు పట్టి, ఊపిరాడకపోతే అప్పుడు ఇన్సూరెన్సు గురించి ఆలోచించడం కాదు, 108కి ఫోను చెయ్యాలి. ఇక్కడ నేను మాట్లాడుతున్నది అలాంటి అత్యవసరం గురించి కాదు. నిదానంగా వచ్చి పోయే బాధ ఏమిటో తేల్చుకోవడానికి చేసే పరీక్షల గురించి.

దగ్గరి పట్టణంలో వదినకు ఈ.సి.జి. తీశారు. బాగానే ఉందన్నారు. ఇంకేం, ఇంటికి పోదామని ఆమె లేచింది. డాక్టరు కూర్చోమన్నాడు. ఈ.సి.జి. అంటే పడుకోబెట్టి తీసేది. పడుకున్నప్పుడు గుండెకు పని తక్కువ, అప్పుడు రక్తం చాలుతూ ఉండవచ్చు. మెట్లెక్కినప్పుడు చాలుతోందా లేదా అన్నది చూడాలంటే నడిపించి చూడాలి. అదే టి.ఎం.టి., ట్రెడ్‌మిల్ పరీక్ష. కదిలే పట్టీ మీద నడిపిస్తూ, మూడేసి నిమిషాలకొకసారి వేగమూ వాలూ పెంచుతూ ఈ.సి.జి. తీస్తారు. 1963లో అమెరికా డాక్టరు రాబర్ట్ బ్రూస్ ప్రకటించిన పద్ధతి ఇది. ఇవాళ్టికీ చాలాచోట్ల ఆయన లెక్క ప్రకారమే నడిపిస్తారు. ఒక చిన్న సలహా చెబుతాను, డాక్టర్లు చెప్పడం మర్చిపోతారు. ఈ పరీక్షకు చీర కట్టుకుని పోకండి. పంజాబీ డ్రెస్సు, కాలికి పట్టు ఉండే చెప్పులు వేసుకుని పోండి. మా వదిన చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఆ పట్టీ మీద నడిచిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ రోజు మాత్రం రాలేదు.

రెండోది ఎకో. గర్భిణులకు చేసే స్కానింగు వంటిదే, శబ్దతరంగాలతో గుండెను చూస్తారు. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి మొదలుపెట్టారు. కవాటాలు ఎలా ఉన్నాయి, గుండె ఎంత బలంగా ముడుచుకుంటోంది అన్నది అందులో తెలుస్తుంది. మూడోది సి.టి. యాంజియోగ్రాం. చేతి నరానికి సూది వేసి రంగుమందు పంపి, సి.టి. యంత్రంలో గుండె రక్తనాళాల బొమ్మ తీస్తారు. మామూలు యాంజియోగ్రాంలోలాగా తొడ దగ్గరనుంచో మణికట్టు దగ్గరనుంచో గుండె దాకా గొట్టం పంపడం ఉండదు. రంగుమందు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కాబట్టి ముందు క్రియాటినిన్ అనే రక్తపరీక్ష అడుగుతారు. షుగరు మాత్రలు వాడేవాళ్ళు ఆ మాట తప్పక చెప్పాలి.

ఈ పరీక్షలన్నిట్లోనూ ఉన్న సుఖం ఏమిటంటే, కత్తి లేదు, కోత లేదు, మంచం లేదు. పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. బీమా దగ్గరికొచ్చేసరికి సరిగ్గా ఆ సుఖమే మనకు చిక్కయి కూర్చుంటుంది. ఎలాగో వినండి.

మా అన్నయ్య కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కంపెనీ వాళ్ళ పాలసీలో తల్లిదండ్రులను కూడా చేర్పించాడు. "అత్తా, ఐదు లక్షలుంది. డబ్బు గురించి ఎవరూ భయపడొద్దు" అని నాకు ఫోను చేశాడు. సరేనని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ ఇన్సూరెన్సు కౌంటరులో కూర్చునే అబ్బాయి, "ఊరికే పరీక్షలు చేయించుకుంటే పైసా రాదండీ. ఒక్కరోజు అడ్మిషన్ పెట్టేద్దాం, అన్నీ అందులో కలిసిపోతాయి" అన్నాడు. ఆ మాటకు మాకు దేవుడు కనిపించినట్టయింది. గురువారం సాయంత్రం చేరాం. శుక్రవారం రక్తపరీక్షలు, ఎకో, టి.ఎం.టి. అయ్యాయి. వదినకు మందంటూ ఇచ్చింది రోజూ ఇంట్లో వేసుకునే బి.పి. మాత్ర ఒక్కటే. శనివారం పొద్దున బీమా వాళ్ళ దగ్గర్నుంచి సమాధానం వచ్చింది. "ఈ అడ్మిషన్ కేవలం పరీక్షల కోసం జరిగినది, చెల్లించలేము" అని. 21,400 రూపాయల బిల్లు. మా అన్నయ్య జేబులో ఉన్నది పన్నెండు వేలు. మిగతాది నా చేతి గాజు సంగతి, వదిలెయ్యండి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏళ్ళ తరబడి ప్రీమియం తీసుకుంటారు, తీరా అవసరానికి వంక పెడతారు అని తిట్టుకున్నాను. తర్వాత పాలసీ కాగితం తెప్పించుకుని నాలుగు రోజులు కూర్చుని చదివాను. చదివాక కోపం పూర్తిగా పోలేదు గాని, తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది.

మన దేశంలో మెడిక్లెయిమ్ అనే పాలసీ 1986లో ప్రభుత్వ బీమా కంపెనీలు మొదలుపెట్టాయి. నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా, ఈ నాలుగూ. అది పుట్టడమే ఆసుపత్రి మంచం ఖర్చు కోసం పుట్టింది. కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉండి వైద్యం చేయించుకుంటే డబ్బు. తర్వాత ఎన్ని కంపెనీలొచ్చినా, ఎన్ని పేర్లు పెట్టినా, పునాది అదే. మంచం లేనిదే డబ్బు లేదు. కంటి శుక్లం ఆపరేషను వంటి వాటికి 24 గంటలు అక్కర్లేదని డే-కేర్ అని ఒక జాబితా పెట్టారు. కాని అది కూడా చికిత్సకే. ఓ.పి.లో జరిగే పరీక్ష డే-కేర్ కాదు.

మరి మంచం మీద పడుకుంటే వచ్చేసినట్టేనా? కాదు. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క రకంగా రాసుకుంటోందని బీమా నియంత్రణ సంస్థ, అంటే ఐ.ఆర్.డి.ఎ.ఐ., 2019 సెప్టెంబరులో మినహాయింపులన్నిటికీ ఒకే మాటలు, ఒకే నంబర్లు ఖాయం చేసింది. అందులో నాలుగో నంబరు మనది. దాని పేరు 'ఇన్వెస్టిగేషన్ అండ్ ఇవాల్యుయేషన్', అంటే పరీక్షలూ నిర్ధారణా. అందులో రెండు ముక్కలున్నాయి. ముఖ్యంగా పరీక్షల కోసమే ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వరు. చేరిన జబ్బుకూ దాని చికిత్సకూ సంబంధం లేని పరీక్ష చేయిస్తే దాని ఖర్చూ ఇవ్వరు. మీ పాలసీ కాగితంలో ఎక్స్‌క్లూజన్ 04 అని వెతికితే కనిపిస్తుంది. ఆ కౌంటరు అబ్బాయి మాకు చేసిన ఉపకారం సూటిగా పోయి ఈ నాలుగో నంబరులో పడింది.

ఇది అన్యాయమా అంటే, నేను సగం అవునంటాను, సగం కాదంటాను. పరీక్షలకోసం అందరూ మంచాలెక్కితే ప్రీమియం ఎక్కడికి పోతుందో మనకు తెలుసు. కాని సి.టి. యాంజియోగ్రాం వంటి పరీక్షతో జబ్బు ముందే బయటపడితే కంపెనీకీ లాభమే కదా! ఈ ఆలోచన ఇతర దేశాల్లో కొన్నిచోట్ల చట్టం దాకా వెళ్ళింది. మన పిల్లలు బోలెడుమంది ఉన్న టెక్సాస్‌లో 2009లో ఒక చట్టం చేశారు. షుగరున్నవాళ్ళకూ గుండెజబ్బు ముప్పు ఓ మోస్తరుగానో ఎక్కువగానో ఉన్నవాళ్ళకూ, మగవారైతే 45 దాటి, ఆడవారైతే 55 దాటి, 76 లోపు ఉంటే, గుండె నాళాల్లో సున్నం పేరుకున్నదీ లేనిదీ చూసే సి.టి. పరీక్షకు గాని, మెడ రక్తనాళాల స్కానింగుకు గాని, ఐదేళ్ళకొకసారి 200 డాలర్ల వరకు బీమా కంపెనీ ఇవ్వాలి. మంచమెక్కనక్కర్లేదు, నొప్పి కూడా రానక్కర్లేదు. ఇంగ్లండులోనైతే 2016లో అక్కడి వైద్య ప్రమాణాల సంస్థ, కొత్తగా వచ్చిన అనుమానపు ఛాతీ నొప్పికి ముందుగా సి.టి. యాంజియోగ్రామే చెయ్యమని సలహా ఇచ్చింది. అక్కడి ప్రభుత్వ వైద్యంలో రోగి దానికి బిల్లు కట్టే పని లేదు. ఈ కబుర్లు విని మా వదిన, "మనం యాడ పుట్టామో ఆడి లెక్కే మనకు" అంది.

మన లెక్కలోనూ ఒక తలుపు ఉంది. అది మాకు ఆలస్యంగా దొరికింది.

ఆ ఆసుపత్రిలో టి.ఎం.టి. తేడాగా ఉందని తేలింది. ఆడవాళ్ళలో టి.ఎం.టి. ఒక్కోసారి జబ్బు లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుందట. అందుకని సి.టి. చేయించి నిర్ధారించుకుందామన్నారు. ఈసారి మంచం గించం అనకుండా పొద్దున్నే పోయి, డబ్బు కట్టి, సి.టి. చేయించుకుని సాయంత్రానికి వచ్చేశాం. ఒక నాళం బాగా మూసుకుపోయిందని వచ్చింది. హైదరాబాదు తీసుకుపోయాం. అక్కడ చేర్చుకుని స్టెంటు వేశారు. అక్కడి బీమా విభాగంలో ఒకావిడ, నడివయసు మనిషి, కాగితాలన్నీ చూసి, "ఇంతకుముందు చేయించిన పరీక్షల బిల్లులు ఎక్కడ పెట్టారమ్మా?" అని అడిగింది. "అవి రావన్నారండీ, రిజెక్టు చేశారు" అన్నాను. "అప్పుడు రాలేదు. ఇప్పుడు వస్తాయి" అంది.

కథంతా ఇక్కడుంది. పాలసీలో 'ప్రీ-హాస్పిటలైజేషన్' అని ఒక మాట ఉంటుంది. ఆసుపత్రిలో చేరకముందు ఇన్ని రోజులు, మామూలుగా 30 రోజులు, ఏ జబ్బుకు చేరామో అదే జబ్బు కోసం చేయించుకున్న పరీక్షలు, డాక్టరు ఫీజు, మందులు, వీటికి డబ్బు ఇస్తారు. బయటికొచ్చాక 60 రోజుల ఖర్చు కూడా అలాగే. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మవలసి వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో సరిగ్గా ఇవే లెక్కలు, 30, 60. కొన్ని పెద్ద పాలసీల్లో 60, 90, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటాయి. అసలు అడ్మిషన్‌కు డబ్బు ఒప్పుకుంటేనే ఈ ముందూ వెనకల ఖర్చులు ఒప్పుకుంటారు. అంటే పరీక్ష తనంతట తానుగా బీమాకు కనిపించదు. అది చికిత్సకు దారి తీస్తే, వెనక్కి తిరిగి చూస్తే అప్పుడు కనిపిస్తుంది.

వదిన మొదటి ఈ.సి.జి.కీ స్టెంటు అడ్మిషన్‌కూ మధ్య 23 రోజులు. ఇంకొక్క వారం శనగల లెక్కలు చూసుకుంటూ కూర్చుని ఉంటే ఆ బిల్లులు గడువు దాటిపోయేవి. డాక్టరు చెప్పిన తర్వాత 'ఉగాది వెళ్ళాక చూద్దాం, పిల్లల పరీక్షలయ్యాక చూద్దాం' అనే అలవాటు మనకు ప్రాణానికే కాదు, డబ్బుకు కూడా చేటు.

మరి ఆ బిల్లులు ఎక్కడున్నాయి? నేను పారేశాననుకున్నాను. మా వదిన మాత్రం ఖాళీ శనగపిండి డబ్బాలో మడిచిపెట్టింది. "డబ్బు కట్టిన కాగితం పారేస్తారా ఎవరైనా?" అంది. అన్నయ్య పరుగెత్తుకుంటూ సంజామల పోయి తెచ్చాడు. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం పూర్తయినప్పటినుంచి మా ఊరికి రైలుంది, దాని పుణ్యమా అని మర్నాటికల్లా వచ్చేశాడు. తీరా చూస్తే మొదటి ఆసుపత్రిలో 21,400కీ కలిపి ఒకే బిల్లు. పరీక్షకు ఎంత, గదికెంత అని లేదు. మళ్ళీ పోయి విడివిడిగా రాయించుకు రావలసి వచ్చింది. చివరికి ఎకో, టి.ఎం.టి., సి.టి., ఈ.సి.జి., అన్నిటికీ డబ్బు వచ్చింది. మొదటి ఆసుపత్రి గది అద్దె రాలేదు. పళ్ళ డాక్టరు ఫీజు రాలేదు, పాపం ఆయనే అసలు సంగతి పట్టుకున్నవాడు! బయట ల్యాబులో చేయించిన ఒక రక్తపరీక్షకూ రాలేదు, ఎందుకంటే దాన్ని చేయించమని డాక్టరు నోటితో చెప్పాడు, చీటీ రాయలేదు.

కాబట్టి వంటింట్లో చింతపండుకు, ఎండుమిరపకు డబ్బాలున్నట్టు ఆసుపత్రి కాగితాలకూ ఒక డబ్బా పెట్టండి. డాక్టరు రాసిన చీటీ, డబ్బు కట్టిన రసీదు, పరీక్ష రిపోర్టు, ఈ మూడూ ఒక పరీక్షకు ఒక జత. మూడింట్లో ఒకటి లేకపోయినా మిగతా రెండూ చెల్లుతాయని నమ్మకం లేదు. చీటీ మీద 'ఛాతీ నొప్పి', 'మెట్లెక్కితే ఆయాసం' అని కారణం రాయమని డాక్టరును అడగండి. ఊరికే 'హెల్త్ చెకప్' అని రాస్తే అది జబ్బుకు సంబంధించిన పరీక్ష కాకుండా పోతుంది. డిశ్చార్జి అయ్యాక ఈ ముందు బిల్లులు ఎన్నాళ్ళలోపు పంపాలో కూడా పాలసీలో ఉంటుంది. ఆరోగ్య సంజీవనిలోనైతే ఇంటికొచ్చిన 30 రోజుల్లోపు.

ఇంకో ప్రమాదం ఉంది, అది నోటి నుంచి వస్తుంది. వదినను చేర్చుకునేటప్పుడు చిన్న డాక్టరు "బి.పి. ఎన్నాళ్ళనుంచి?" అని అడిగాడు. పక్కనున్న మా పెద్దమ్మ, "ఆ, పదేండ్ల సంది ఉంది నాయనా" అనేసింది. నిజానికి రెండేళ్ళు. పెద్దవాళ్ళకు పదేళ్ళన్నా రెండేళ్ళన్నా ఒకటే లెక్క. ఆయన కేస్ షీటులో పదేళ్ళని రాసేశాడు. కంపెనీ ఉద్యోగుల పాలసీ కాబట్టి, అందులో పాత జబ్బులకు గడువు లేదు కాబట్టి బతికిపోయాం. అదే మనం సొంతంగా తీసుకున్న పాలసీ అయితే, తీసుకునేనాటికే జబ్బు ఉందనీ, ఫారంలో చెప్పలేదనీ క్లెయిము మొత్తం కొట్టేసేవాళ్ళు. ఆసుపత్రిలో ఏది చెప్పినా నిజం చెప్పండి, తెలిసినవాళ్ళే చెప్పండి.

ఫారం నింపేటప్పుడూ అంతే. ఏజెంటు "బి.పి. గిపి ఎందుకు రాయడమండీ, ప్రీమియం పెరుగుతుంది" అంటాడు. రాయండి. పాత జబ్బు ఉందని రాస్తే కొంతకాలం దానికి డబ్బు ఇవ్వరు, నిజమే. ఆ కాలం ఇదివరకు నాలుగేళ్ళ దాకా ఉండేది, 2024 ఏప్రిల్ నుంచి మూడేళ్ళకు మించకూడదని తగ్గించారు. వరసగా ఐదేళ్ళు ప్రీమియం కట్టాక, మోసం చేశారని రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిము తోసెయ్యడానికి వీల్లేదని కూడా పెట్టారు, అది అంతకుముందు ఎనిమిదేళ్ళు. ఇలా ఆలోచిస్తే, గుండె పరీక్షలో తేడా వచ్చాక పాలసీ కోసం వెతకడం కన్నా ఏ బాధా లేనప్పుడు తీసుకోవడమే నయం. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద 18 శాతం జి.ఎస్.టి. కూడా తీసేశారు.

ఇక్కడ కొందరికి ఒక సందేహం రావచ్చు. నొప్పితో అర్ధరాత్రి పరుగెత్తి, ఐ.సి.యు.లో పెట్టి, అన్ని పరీక్షలూ చేసి, గుండెపోటు కాదని తేలితే? అప్పుడది పరీక్షల కోసం చేరడం కాదు, ప్రాణభయంతో చేరడం. చికిత్స మొదలుపెట్టారు, మందులిచ్చారు, కనిపెట్టి చూశారు. అలాంటప్పుడు ఎందుకు చేర్చుకోవలసి వచ్చిందో, ఏం వైద్యం చేశారో డిశ్చార్జి కాగితంలో స్పష్టంగా రాయించుకోవాలి. అయినా వంక పెడితే పోట్లాడవచ్చు. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి కాగితం మీద రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. ఆంధ్ర, తెలంగాణ రెండింటికీ ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల దాకా విచారిస్తారు. మా మొదటి రిజెక్షన్ మీద కూడా రాద్దామా అని నేను ఆవేశపడ్డాను. పాలసీ చదివాక మానుకున్నాను. అక్కడ తప్పు మాదే.

ఏ పాలసీ లేనివాళ్ళ మాటేమిటి? మా వీధిలో చాలా ఇళ్ళు అలాంటివే. వాళ్ళకు ప్రభుత్వ పథకం ఉంది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పేరు ఏదైనా మనకు కావలసింది ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఈ పథకం మొదటినుంచీ, జాబితాలో ఉన్న జబ్బులకు నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోనూ వైద్యశిబిరాల్లోనూ ఓ.పి.లో ఉచితంగా చూడాలన్న ఏర్పాటుతో నడిచింది. చికిత్స ఒప్పుకున్నాక పరీక్షలూ మందులూ భోజనమూ ప్యాకేజీలోనే. కనుక కార్డు ఉన్నవాళ్ళు డబ్బు పెట్టి బయట ల్యాబుల చుట్టూ తిరిగే ముందు, నెట్‌వర్క్ ఆసుపత్రిలో వైద్యమిత్ర అని ఒక బల్ల ఉంటుంది, అక్కడ అడగాలి. డెబ్భై ఏళ్ళు దాటిన పెద్దలకు 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్‌లో ఏడాదికి ఐదు లక్షల కార్డు కూడా ఇస్తున్నారు. అందులో చేరకముందు ఖర్చు లెక్క మూడు రోజులే, బయటికొచ్చాక పదిహేను రోజులు. ముప్పై రోజులని ఇక్కడ అనుకోకండి. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు ఈ.ఎస్.ఐ. ఉంటే ఇంకా మేలు, దానికి మంచమెక్కాలన్న షరతు లేదు, ఓ.పి. వైద్యమూ పరీక్షలూ దానిలోనే, ఇంట్లోవాళ్ళకు కూడా.

ఏ కార్డూ లేకపోతే కర్నూలు పెద్దాసుపత్రిలో గుండెజబ్బుల విభాగం ఉంది. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. పుట్టపర్తిలో 1991 నుంచి నడుస్తున్న సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితం. వరసలో నిలబడాలి, ఒక పూట పోతుంది. రేషను కోసం, గ్యాసు కోసం నిలబడ్డవాళ్ళం, మనకిది కొత్తా?

పాలసీ ఉన్నవాళ్ళు కూడా ఇంకో పని చెయ్యవచ్చు. చాలా పాలసీల్లో ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఉచిత ఆరోగ్య పరీక్ష అని ఉంటుంది. దాన్ని అడిగి తీసుకునే ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. మగవారికి ఆఫీసులో ఎలాగూ చేస్తారు, మనకెవరు చేస్తారు? పాలసీ కాగితం తీసి చూడండి, ఈ.సి.జి. చాలావాటిలో ఉంటుంది. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టే ఇళ్ళలో ముందుజాగ్రత్త పరీక్షల కోసం పెట్టిన ఖర్చు 5,000 దాకా మినహాయింపు పరిమితిలో చూపించుకోవచ్చు, నగదుగా ఇచ్చినా సరే. ఇంట్లో ఆయనకు ఈ సంగతి చెబితే మీ పరీక్షకు ఆయనే తొందరపెడతారు.

మా వదిన ఇప్పుడు బాగానే ఉంది. మిద్దె ఎక్కుతోంది, వడియాలు పెడుతోంది. శనగపిండి డబ్బా మాత్రం మళ్ళీ వంటకు తీసుకోలేదు. దాని మీద మా మేనల్లుడు చీటీ అంటించి, పాలసీ నంబరు, కంపెనీ ఫోను నంబరు, మందుల పేర్లు రాసిపెట్టాడు. మొన్న నేను వెళ్ళినప్పుడు మూత తీసి చూస్తే అందులో మా అన్నయ్య ఈ.సి.జి. కూడా ఉంది. "ఆయనకేమైంది వదినా?" అంటే, "ఏం కాలా. ఊరికే ఉచితంగా తీస్తారంట గదా, తీయించినా. నీది ఎప్పుడు తీయించుకుంటావు?" అంది. వచ్చే సోమవారం పోతున్నాను.